ట్రయల్ వీరులకు శాలువా ఏదీ?

నెల్లూరు పురమందిరంలో శాలువా పడనివాడంటూ ఎవరూ మిగల్లేదు. కవులకు కప్పారు, కాంట్రాక్టర్లకు కప్పారు, కవులకు కప్పిన కాంట్రాక్టర్లను పిలిచి మళ్లీ కప్పారు. కానీ ప్రపంచంలో ఏ మూల కొత్త సాఫ్ట్‌వేర్ విడుదలైనా తెల్లారేలోగా మెయిల్ ఐడీ ఇచ్చి, ఫోన్ నంబరిచ్చి, నిబంధనలన్నీ చదివినట్టు టిక్కు కొట్టి, లోపలికి పోయి చూసి వచ్చే నిస్వార్థ జీవిని మాత్రం ఈ ఊరు ఇంతవరకు పట్టించుకోలేదు. మాగుంట లేఔట్‌లో ఒకడు, పొదలకూరు రోడ్డులో ఒకడు, ఒంగోలు లాయర్‌పేటలో ఇంకొకడు, ఇలా చెదురుమదురుగా ఉన్న మావాళ్లందరి తరఫున ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది.

ముందు ఒక అపోహ తొలగించాలి. టూల్ అనేది పని చేసుకోవడానికని జనం అనుకుంటారు. పని చేసుకునేవాడికి టూల్‌తో పనేముంది? స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టు గుమాస్తాను చూడండి. ఎర్ర అట్ట పద్దు పుస్తకం తీస్తాడు, వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతాడు, ఒక గీత కొడతాడు, లెక్క తేలిపోతుంది. పాపం, ఆయనకు టెంప్లేటు లేదు, ట్యాగులు లేవు, డార్క్ మోడ్ అసలే లేదు. అదే నోషన్ అనే నోట్సు యాప్‌లో ఇంటి ఖర్చుల పేజీ పెట్టుకున్నవాడిని చూడండి. పైన కవర్ ఫోటోగా పెన్నా వంతెన, పక్కన ముచ్చటైన చిన్న బొమ్మ, రంగురంగుల లేబుళ్లు, ప్రతి ఖర్చునూ అవసరం, అత్యవసరం, ఆవేశం అని విడగొట్టే ఫార్ములా. ఆ పేజీ ఒక రూపానికి వచ్చేసరికి నెలాఖరవుతుంది. అప్పటికి జీతం కూడా అయిపోతుంది కాబట్టి రాసుకోవడానికి ఖర్చులే ఉండవు. ఇంతకు మించిన పొదుపు పథకం ఏ బ్యాంకులో ఉందో చెప్పండి.

సరే, ఒక టూల్ దగ్గర నిలవరేంది అని అడుగుతారు. ఎవర్‌నోట్‌లోని నోట్సు నోషన్‌కు, నోషన్‌లోవి ఆబ్సిడియన్‌కు, అక్కడివి మళ్లీ ఇంకెక్కడికో తరలించడమే సరిపోతుందట మాకు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఏం చేసింది? కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో పెట్టింది. గూడూరును, రాకెట్లతో సహా సూళ్లూరుపేటను తిరుపతి ఫోల్డర్లోకి జరిపింది. ఆ తర్వాతా మళ్లీ మార్చాలన్న మాటలు ఆగలేదు. మండలాలకు మండలాలు మైగ్రేట్ చేస్తే పరిపాలనా సౌలభ్యం, నేను నా కరెంటు బిల్లుల ఫోటోలు మైగ్రేట్ చేస్తే తిక్క!

పెళ్లయినవాడికి ఒక్క మామగారి ఇంట్లోనే మర్యాద. పెళ్లిచూపులకు తిరిగేవాడికి ఊరూరా కాఫీ, టిఫిను. మా విధానం కూడా అంతే.

ఇక వ్యవసాయ రంగానికి మేం చేసిన సేవ వేరే చెప్పుకోవాలి. ఇందుకూరుపేట వైపు మా మామకు రొయ్యల గుంటలున్నాయి, వనామీ రకం వేస్తాడు. ఆయన పద్ధతంతా పాతకాలం. పొద్దున్నే గట్టు మీదకు పోయి తాడు పట్టి చెక్ ట్రే, అంటే మేత వేసి నీళ్లలోకి దించిన పళ్లెం, పైకి లాగుతాడు. మేత మిగిలిందా లేదా చూస్తాడు. ఒక రొయ్యను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి, వీపు మీద పేగు గీత నిండుగా ఉందా, తెగి తెగి ఉందా అని కళ్లు చికిలించి చూసి మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. అప్పుడప్పుడూ విసురు వల వేసి, పడ్డవాటిని తూచి, లెక్కపెట్టి, కిలోకు ఎన్నో చెబుతాడు. అదే కౌంటు. ఇంత డేటా ఆయన తలకాయలో, లేకపోతే సిగరెట్ పెట్టె వెనక ఉంటుంది. బ్యాకప్ లేదు!

చూసి ఊరుకోలేక, ప్రగతిని రోజూ నమోదు చేసే ఒక కొత్త యాప్ ఆయన ఫోన్‌లో పెట్టించాను. మొదటిసారి 100 కౌంటు అని ఎక్కించాం. యాప్ సంతోషించింది. తర్వాత 80. ఎర్ర బాణం కిందికి చూపిస్తూ, 'కాస్త వెనకబడ్డారు, పర్లేదు' అంది. 60కి వచ్చేసరికి, 'చిన్న చిన్న అడుగులే పెద్ద విజయాలు, నిరుత్సాహపడకండి' అని ధైర్యం చెప్పింది. 40కి వచ్చిన రోజు మామ మొహం వెలిగిపోతోంది, యాప్‌లో మాత్రం సంతాప వాతావరణం. 30 అని కొట్టగానే, 'మీకెవరితోనైనా మాట్లాడాలని ఉందా?' అని ఆత్మీయంగా అడిగింది.

రొయ్య పెరిగే కొద్దీ కిలోకు తూగేవి తగ్గుతాయి, కౌంటు తగ్గితేనే రేటు పెరుగుతుంది అని మామ వాదన. ఆయన అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ నిష్పక్షపాతంగా ఆలోచించండి. యాప్‌కు స్టోర్‌లో నాలుగున్నర స్టార్లున్నాయి, రొయ్యకు ఒక్క రివ్యూ కూడా లేదు. ఎవరిని నమ్మాలి?

నీళ్లలో ఆక్సిజన్ చూసే మీటరుకు కూడా ఒక అలర్టు సర్వీసు కలిపాం. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా రొయ్యలతో పాటు తనూ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ వేళకే కరెంటు పోయిందంటే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగి ఇక ప్రాణాల మీదకే. అలాంటి ఒక తెల్లవారుజామున సర్వీసు వాళ్లు ఠంచనుగా మెసేజీ పంపారు: 'మీ ఉచిత ట్రయల్ ముగిసింది. అలర్టులు అందుకోవడానికి ప్రో ప్లాన్‌కు మారండి.' సమయపాలన అంటే అది. అప్పటికే కాపలా మనిషి రొయ్యలు పైకి తేలడం చూసి జనరేటర్ వేసేశాడు. వాడికి లాగిన్ ఐడీ కూడా లేదు, అధికారం ఎవరిచ్చారో తెలియదు.

మా జీవితంలో విషాదం లేదనుకోకండి. మిగతా జనానికి ఏడాదికి ఒకటో రెండో తద్దినాలు. మాకు క్యాలెండర్ నిండా అవే, మూతపడ్డ యాప్‌లవి. జూలై 1 గూగుల్ రీడర్, 2013లో పోయింది. సెప్టెంబర్ 30 ఆర్కుట్, 2014. ఏప్రిల్ 2న ఒకే రోజు రెండు, గూగుల్ ప్లస్సూ, ఇన్‌బాక్స్ అనే గూగుల్ మెయిల్ యాపూ, 2019లో. వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొని 2020 మేలో మూసేసింది. 2025లో అయితే మే 5న స్కైప్, జూలై 8న పాకెట్, మైల కూడా తీరకముందే. పాకెట్‌లో తర్వాత చదువుదామని దాచుకున్న వ్యాసాలున్నాయి చూశారూ, వాటి గురించి ఎక్కువ మాట్లాడలేను. ఈ తేదీలన్నీ గుర్తుండటానికి సన్‌రైజ్ అనే చక్కటి క్యాలెండర్ యాప్ ఉండేది. అదీ 2016లో పోయింది.

ప్రభుత్వ విధానాలు కూడా మాకు అనుకూలంగా లేవు. కార్డు మీద ఆటో డెబిట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు సందేశం పోవాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. వినియోగదారుల రక్షణ కోసమట. ఖాతా మా ఆవిడ పేరు మీదుంది. రక్షణ ఎవరికి దొరికిందో మీరే ఊహించుకోండి. 'ఏమండీ, ఈ మైండ్‌మ్యాప్ ప్రీమియం అంటే ఏంది, ఎవరి మైండు?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి 24 గంటలు ఏ మూలకూ చాలవు.

ఇన్వైట్ల సంగతి కూడా చెప్పాలి. 2009లో గూగుల్ వేవ్ వచ్చినప్పుడు లోపలికి పోయినవాడు పిలిస్తేనే బయటివాడికి ప్రవేశం. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా అదీ ఇక లేదన్నారు, అది వేరే సంగతి. 2020లో వచ్చిన క్లబ్‌హౌస్ అనే మాటల యాప్‌కూ మొదట్లో అంతే. ఇదేదో కాలిఫోర్నియా వాళ్ల గొప్ప ఆలోచన అని మురిసిపోతారు కుర్రాళ్లు. మన బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ ఎన్నేళ్లుగా జరుగుతోంది? కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, తీరాల్సినవాళ్లు అందుకుంటారు, తీరాక వచ్చి ఇంకొకరికి ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అన్నీ ఉన్నాయి. ఇన్వైట్ రొట్టె అని అడిగాను. పక్కనున్న పెద్దావిడ జాలిగా చూసి ఆరోగ్య రొట్టె చేతిలో పెట్టింది.

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది. అప్పటినుంచి మావాళ్లకు నిద్ర లేదు. కాఫీ తాగి గ్లాసు కడిగేలోగా ఒక కొత్త ఏఐ పుట్టేస్తోంది, దాన్ని చూడకపోతే వెనకబడిపోతామేమోనని టెన్షన్. మొన్న సంక్రాంతికి ఏ పిండివంటలు చేయాలన్న చర్చ మా ఇంట్లో జరుగుతుంటే, మాటలు విని సారాంశం రాసే ఏఐని మధ్యలో కూర్చోబెట్టాను. అత్తగారు, మా ఆవిడ, ఇద్దరు వదినలు, గంటన్నర చర్చ. అది రాసింది: 'అరిసెల పాకంపై ఏకాభిప్రాయం కుదరలేదు. 2018 నాటి ఒక సంఘటన పదేపదే ప్రస్తావనకు వచ్చింది. తదుపరి చర్యలు: ఏవీ లేవు.' మూడు వాక్యాల్లో మా కుటుంబ చరిత్ర! దాన్ని ఆవేశంలో అందరికీ ఫార్వర్డ్ చేయడంతో అరిసెలు రాలేదు. విజ్ఞానానికి ఆ మాత్రం త్యాగం తప్పదు.

కాబట్టి మా కోర్కెలు స్పష్టంగా చెబుతున్నాను. ఒకటి, ట్రయల్ గడువును పంచాంగం ప్రకారం లెక్కగట్టి అధిక మాసం వస్తే ఉచితంగా పొడిగించాలి. ఓటీపీ అడిగేటప్పుడు ఇంట్లో ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో ముందు విచారించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రొయ్యల కొనుగోలుదారులు తక్షణం సమావేశమై కౌంటును తలకిందులు చేయాలి. పెద్ద రొయ్యకు పెద్ద అంకె వచ్చేలా మారిస్తే యాప్ మనసు కుదుటపడుతుంది.

ఈ మూడోది ముందుగా మామకు వినిపించాను. గట్టు మీద కూర్చుని ఓపిగ్గా అంతా విన్నాడు.

'బాగానే ఉండాది గానీ అల్లుడూ, ఎల్లుండి పట్టుబడి. వల లాగేదానికి ఇద్దరు మనుషులు తక్కువుండారు. నువ్వు రాగలవా?' అన్నాడు.

వల లాగడానికి ఏదైనా టూల్ ఉందేమో వెతుకుతున్నాను. ఒకటి దొరికింది, ఇంకా బీటాలోనే ఉంది, వెయిటింగ్ లిస్టులో మామ పేరు కూడా రాయించాను.