ముందు చెరకు తోట, తర్వాతే ట్యాంకు

డయోరమాలు, అంటే ఒక దృశ్యాన్ని నేలతో సహా చిన్న బొమ్మల్లో చూపించే నమూనాలు, చేసేవాళ్లందరికీ నాది ఒకటే మాట. ముందు నేల చెయ్యండి, ట్యాంకు సంగతి తర్వాత. ఎక్కడ చూసినా అదే వరస. ట్యాంకు మీద నెలలు పెడతారు, ఒక్కో బోల్టుకీ తుప్పు దిద్దుతారు, సైలెన్సర్ దగ్గర మసి పూస్తారు, ఆఖరి ఆదివారం ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చి ఫెవికాల్ రాసి ఇంత ఇసక చల్లేసి దాన్ని యుద్ధం అంటారు. ఆ ఇసక ఏ ఊరిది? అది ఏ నెల? నీళ్లు పారాయా, ఎండిపోయి ఉందా? ఎవరూ అడగరు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే కొన్ని యుద్ధాల్లో సగం పని ఆ నేలే చేసింది.

నేనూ నా ఫ్రెండూ కలిసి ఇప్పుడు చేస్తున్నది అసల్ ఉత్తర్. 1965 సెప్టెంబరు, పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర. పాకిస్తాన్ ఒకటో ఆర్మర్డ్ డివిజన్ అమెరికా ఇచ్చిన పాటన్ ట్యాంకులతో లోపలికి వచ్చింది. మన నాలుగో మౌంటెన్ డివిజన్ వెనక్కి తగ్గి, అసల్ ఉత్తర్ చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో కాచుక్కూర్చుంది. మన దగ్గర ఉన్నవి కొన్ని సెంచూరియన్లు, తేలికపాటి ఏఎంఎక్స్-13లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. పాటన్‌తో ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే పరిస్థితి షెర్మన్‌కి లేదు. అందుకే కాలువ నీళ్లు పొలాల్లోకి వదిలారు, ఎదిగిన చెరకులో ట్యాంకుల్ని దాచారు, శత్రువు దగ్గరికి వచ్చేదాకా కాల్చలేదు. 8 నుంచి 10వ తేదీ దాకా జరిగిన పోరులో పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుందని మన సైన్యం లెక్క. బురదలో దిగబడి, చెక్కుచెదరకుండా మన చేతికి చిక్కినవీ ఉన్నాయి. పట్టుకున్న వాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా పెడితే ఆ చోటికి పాటన్ నగర్ అని పేరొచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఈ కథలో చెరకూ బురదా లేకుండా పలక మీద ట్యాంకు ఒక్కటే పెడితే మనం ఏం చూపించినట్టు?

మొదటి గొడవ స్కేలు దగ్గరే. మావాడికి 1/35 కావాలి, అంటే అసలుకి 35వ వంతు, మనుషుల ముఖాలు కనిపించాలని. నాకు 1/72. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. అరమీటరు దూరంలో నిలబడి చూసేవాడికి యుద్ధం ఎంత వెడల్పుగా కనిపించాలి అన్నదే అసలు ప్రశ్న. 1/72లో 60 సెంటీమీటర్ల పలక అంటే 43 మీటర్ల పొలం. 1/35లో అదే పలక 21 మీటర్లు, ఒక పాటన్ పెడితే ఇక చెరకుకి చోటే ఉండదు. 500 మీటర్ల దూరాన్ని ఉన్నదున్నట్టు చూపించాలంటే 1/72లో కూడా దాదాపు ఏడు మీటర్ల పలక కావాలి, అది మా ఇద్దరి ఇళ్లలోనూ పట్టదు. కాబట్టి దూరం కాదు, దగ్గర చూపించాలి. ట్యాంకు తోటలోకి దిగాక ఏమైంది అన్నది. ఈ మాట అనుకున్నాక వాడే 1/72కి ఒప్పుకున్నాడు.

ఇక్కడే వాడి విలువ నాకు తెలిసింది. వాళ్లది అనకాపల్లి వైపు, ఇంట్లో తరాలుగా చెరకు వేస్తారు. నేను ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి పచ్చటి గడ్డిలా ఒత్తుగా పాతేద్దాం అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "కింద సోగ ఎండిపోయి వేలాడుతుందిరా, పచ్చదనమంతా పైనే. లోపలికి దూరితే రెండడుగుల అవతల మనిషి కనపడడు. ఆకు చేతులు కోస్తుంది. నీళ్లు పెట్టిన తోట పైకి మామూలుగానే ఉంటది, అడుగు వేశాకే తెలుస్తుంది" అన్నాడు. ఈ నాలుగు ముక్కలు ఏ కిట్టు డబ్బాలో ఇచ్చిన సూచనల కాగితంలోనూ దొరకవు. కొండ చీపురు కొసల్లోని సన్నటి కాడలు గడలకి, ట్రేసింగ్ పేపర్ సన్నగా కోసి ఆకులకి, అదే కాగితం టీ డికాక్షన్‌లో నానబెట్టి ఎండిన సోగకి. ఒక్కో గడా చేత్తో అతికించాలి. విసుగొచ్చే పని, కానీ మూడు మీటర్ల చెరకు ఈ స్కేలులో నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, పాటన్ ఎత్తూ దాదాపు అంతే. అంటే పలక దగ్గరికి వచ్చినవాడికి ముందు తోటే కనిపిస్తుంది, ట్యాంకు కోసం వెతుక్కోవాలి. ఇంత డబ్బు పోసి కొన్న ట్యాంకుని దాచేస్తామా అని మా ఇంట్లోవాళ్లే అడిగారు. దాచాలి. ఆ రోజు దాక్కోవడం వల్లే షెర్మన్లు బతికాయి, కళ్లు కనపడకే పాటన్లు పోయాయి.

బురద గురించి ఇంకా కోపంగా చెప్పాలి. నీళ్లు అనగానే అందరూ అద్దంలా మెరిసే రెసిన్ పోసేస్తారు. దుక్కి నేల మీదికి కాలువ నీళ్లు వదిలితే అద్దంలా ఉంటుందా? రెసిన్‌లో ఖాకీ, గోధుమ రంగులు కలిపి చిక్కగా చెయ్యాలి, అది కూడా మడిలో మాత్రమే నిలవాలి, గట్టు మీద తడి మరక ఉండాలి. మట్టి రంగు కూడా అంతే. మన ఎర్రమట్టి తెచ్చి జల్లెడ పట్టి పోస్తే అది ఖేమ్‌కరణ్ అవ్వదు, అక్కడిది నదులు తెచ్చిన ఒండ్రు, బూడిద కలిసిన గోధుమ రంగు. ఇక దిగబడిన ట్యాంకు. నలభై అయిదు టన్నుల బరువు, అడుగు భాగానికీ నేలకీ మధ్య నలభై సెంటీమీటర్లు. మన స్కేలులో అది అయిదున్నర మిల్లీమీటర్లు. ఆ అయిదున్నర మిల్లీమీటర్లు బురదలోకి నొక్కితే చాలు, పొట్ట నేలకి ఆనుతుంది, ట్రాకులు తిరుగుతాయి కానీ బండి కదలదు. పైగా సమానంగా నొక్కకూడదు, ఒక పక్క ఎక్కువ దిగాలి. చక్రాలన్నీ అంత శుభ్రంగా రంగు వేసి పీఓపీ బురదలో తొక్కేస్తుంటే మావాడి మొహం చూడాలి, అయినా చేత్తో నొక్కింది వాడే.

జీపు దగ్గర మేం చాలాసేపు వాదించుకున్నాం. కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్, నాలుగో గ్రెనేడియర్స్, జీపు మీద 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్‌తో పాటన్లని కొడుతూ సెప్టెంబరు 10న ప్రాణాలు వదిలారు. వయసు 32. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. మావాడు ఆయన చివరి క్షణం చెయ్యాలన్నాడు. నేను వద్దన్నాను. ఆ గన్‌కి వెనక్కి తన్నుడు ఉండదు కానీ పేలినప్పుడు వాయువు వెనక నుంచి మంటతో కొట్టుకొస్తుంది, దుమ్ము లేస్తుంది, ఎక్కడ ఉన్నావో శత్రువుకి చెప్పేస్తుంది. అందుకే కొట్టగానే చోటు మారాలి. ఆయన ఆ పని మళ్లీ మళ్లీ చేశారు. కొట్టిన తర్వాత, జీపు కదిలే ముందు ఉండే ఆ కొన్ని సెకన్లే నాకు కావాలి. వెనక చెరకు పడుకుని, ఆకులు మాడి, దుమ్ము ఇంకా గాల్లోనే ఉండగా డ్రైవర్ చెయ్యి గేరు మీద ఉండాలి. దుమ్ముకి దూది విదిల్చి రంగు చల్లుతున్నాం. గన్ పొడవు ఈ స్కేలులో దాదాపు జీపంత ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ మనుషులు ఎంత చిన్న బండి మీద ఎంత పెద్దదాన్ని తిప్పారో అర్థం కాదు.

అవతలి వాళ్ల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. దిగబడిన పాటన్‌లోంచి ముగ్గురు బయటికి వస్తున్నారు, ఒకడు ఇంకొకడికి చెయ్యి అందిస్తున్నాడు. వాళ్లని వెక్కిరించే బొమ్మలుగా చెయ్యం. అక్కడ భయపడిన వాళ్లందరూ మనుషులే. ఆ భయం చూపించకపోతే హమీద్ నిలబడి ఉండటానికి అర్థమే ఉండదు.

కిట్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పాటన్ కావాలంటే దొరుకుతుంది, డబ్బాలో అమెరికా గుర్తులు ఉంటాయి. షెర్మన్ ఎన్ని రకాలైనా దొరుకుతుంది. కానీ 1965 నాటి మన సైనికుడు, మన రెజిమెంట్ గుర్తులు కావాలంటే వెతికి వెతికి అలిసిపోవాలి. బ్రిటిష్ సైనికుల బొమ్మలు కొని కోసి అతికి మార్చుకోవాలి. ఆ షెర్మన్లు నడిపింది ఎవరో తెలుసా? డెక్కన్ హార్స్. 1790 నుంచి ఉన్న రెజిమెంట్, దాని మూలాలు నిజాం అశ్వికదళంలో ఉన్నాయి. 1916లో ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో గుర్రాల మీద దాడికి వెళ్లింది వీళ్లే. అసల్ ఉత్తర్‌లో దాని కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ వైద్య, తర్వాత ఆర్మీ చీఫ్ అయ్యారు. పేరులో దక్కన్ ఉన్న రెజిమెంట్ గురించి హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకి ఒక్క ముక్క చెప్పం, జర్మన్ టైగర్ ట్యాంకు నంబర్లు మాత్రం ఇక్కడి మోడలర్లకి నిద్రలేపి అడిగినా వచ్చు. నాకు టైగర్ మీద కోపం లేదు. మనది ఎవరు చేస్తారు అన్నదే నా బాధ.

పేరు పలక మీద ఏం రాయాలో కూడా తేల్చుకున్నాం. హమీద్ ఎన్ని ట్యాంకులు కొట్టారన్న అంకె రాయం, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఊరి పేరు, తేదీ, రెజిమెంట్ల పేర్లు, అంతే.

మిగిలింది షెర్మన్ ఒక్కటే, అది తోట అంచున సగం కనిపిస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అప్పట్లో డెక్కన్ హార్స్‌లో చేసి ఉంటే, పాత ఫొటోల్లో టరెట్, అంటే ట్యాంకు పైన తిరిగే గన్ భాగం, మీద గుర్తు ఎక్కడ ఉందో, ఏ రంగులో ఉందో అడిగి చెప్పండి. ఫొటో బ్లాక్ అండ్ వైట్‌దైనా ఫరవాలేదు. గుర్తు సంగతి తేలేదాకా దానికి రంగు వెయ్యం.