ఆరు నెలల గడువు ఆమెకేనా, పోలీసులకు లేదా?

సూర్యాపేటలో యాక్సిడెంట్ కేసులు చూసే చిన్న ఆఫీసు మాది. సీనియర్ గారు, నేను, గుమస్తా, అంతే. విజయవాడ హైవే ఊరి మీదుగానే పోతుంది కాబట్టి కేసులకు కొదవ లేదు. ఈ మధ్య జరుగుతున్నవి చూసి కడుపు మండి రాస్తున్నాను. పొడుగైనా చదవండి.

మొన్న ఒకామె వచ్చింది. భర్త సెంట్రింగ్ మేస్త్రీ, 34 ఏళ్లు. రాత్రి పని నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. ప్రమాదం జరిగి ఎనిమిదో నెల. పరిహారం దరఖాస్తు మాత్రం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలని చట్టం. "ఇన్నాళ్లు ఎందుకు ఆగావమ్మా?" అని సీనియర్ గారు అడిగితే, "స్టేషన్‌లో ఛార్జిషీటు అయినంక రమ్మన్నరు సార్, తిరుగుతనే ఉన్న" అంది. చేతిలో ఎఫ్ఐఆర్ జిరాక్సు ఒక్కటే ఉంది. పోస్టుమార్టం రిపోర్టు కూడా ఎవరూ ఇవ్వలేదు.

గడువు దాటితే ఆమెకు ఎంత పోతుందో లెక్క వేసి చూడండి. నెలకు 15,000 సంపాదన అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. నలభై లోపు వయసు, సొంత పని, కాబట్టి 2017 నాటి సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. 21,000 అవుతుంది. నలుగురు ఆధారపడ్డవాళ్లు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. దాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే గుణకం, సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ప్రకారం ఆ వయసుకు 16. మొత్తం 30,24,000 రూపాయలు. వడ్డీ, అంత్యక్రియల ఖర్చు, మిగతా పద్దులు దీనికి అదనం. ఇది ఎవరో దయతలచి ఇచ్చే సొమ్ము కాదు, ఆ ఇంటి అన్నం. గడువు పేరుతో పోయేది ఇదే.

1988 మోటారు వాహనాల చట్టంలో ఈ దరఖాస్తుకు మొదట ఆరు నెలల గడువే ఉండేది. అప్పుడు కూడా సరైన కారణం చూపిస్తే ఏడాది దాకా తీసుకునేవాళ్లు. 1994లో ఆ గడువే తీసేశారు. 2019 సవరణతో మళ్లీ తెచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. ఈసారి ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు కూడా లేదు. భర్త పోయిన ఇల్లు ఆరు నెలల్లో అప్పుల నుంచే తేరుకోదు. కోర్టు కాగితాలు ఎక్కడ సర్దుకుంటుంది?

నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఇంకోటి ఉంది. అదే చట్టంలో 159వ సెక్షన్ ప్రకారం పోలీసులు మూడు నెలల్లో ప్రమాద నివేదిక తయారు చేసి ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టుకు, పంపాలి. ఆ నివేదికనే పరిహారం దరఖాస్తుగా తీసుకోవాలని 166(4) సెక్షన్ చెబుతోంది. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇవన్నీ అమలు చేయమని ఆదేశించింది. ఆ నివేదిక వేళకు వెళ్లి ఉంటే ఈమె మా మెట్లు ఎక్కే పనే లేదు. పోలీసులు పంపకపోతే ఆ స్టేషన్‌కు పోయేదేమీ లేదు. ఈమె ఆలస్యమైతే ముప్పై లక్షలు పోతాయి. ఇదెక్కడి న్యాయం?

2025 నవంబరులో సుప్రీంకోర్టు, గడువు దాటిందన్న కారణంతో ఇలాంటి పిటిషన్లు కొట్టేయొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ధైర్యంతోనే సీనియర్ గారు ఆమె చేత వకాల్తా మీద సంతకం పెట్టించి ఎంవీఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేశారు. కానీ ఈ గడువునే సవాలు చేసిన అసలు కేసు ఇంకా తేలాలి. అది తేలేదాకా ఆ కుటుంబం బిక్కుబిక్కుమంటూ బతకాల్సిందే.

ఈ భయాన్ని సొమ్ము చేసుకునేది బ్రోకర్లు. మార్చురీ బయటే నిలబడి, ఏడుస్తున్న మనిషి చేత తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టిస్తారు. వచ్చినదాంట్లో నూటికి ముప్పై అని మాట తీసుకుంటారు. పై లెక్కలో అది తొమ్మిది లక్షల పైమాటే, అంటే ఆ పిల్లల చదువులు. లాయరు పరిహారంలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. అలాంటి ఒకడు మా ఆఫీసుకూ వచ్చాడు, కేసులు తెస్తాను, వాటా ఇవ్వమని. సీనియర్ గారు కుర్చీ కూడా చూపించకుండా పంపేశారు. ఆ తర్వాత మాకు కేసులు తగ్గాయి. అయినా ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

మీ ఊళ్లో ఎవరికైనా ఇలా జరిగితే, ఛార్జిషీటు కోసం ఆగొద్దని చెప్పండి. ట్రిబ్యునల్‌కు నివేదిక పంపారా అని స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగమనండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దనండి. ఆడవాళ్లకైతే ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100.