పిస్టల్ పీట్ కాలేజీతోనే ఆగిపోయాడా?

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు ‘పిస్టల్’ పీట్ మారవిచ్ 3,667 పాయింట్ల కాలేజీ రికార్డును 2024 మార్చిలో కాలేజీ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ దాటింది. ఆయన పేరు ఎత్తితే చాలు, పాత పాట మళ్లీ మొదలవుతుంది: తండ్రే కోచ్ కాబట్టి అన్ని పాయింట్లు చేశాడు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు వెళ్లాక తేలిపోయాడు, పైగా బంతి ఎవరికీ ఇచ్చే రకం కాదు.

మొదటి మాటలో కొంత నిజముంది. లూసియానా స్టేట్ జట్టు కోచ్ ప్రెస్ మారవిచ్ ఆయన తండ్రే. కొడుకు ఆటకు సగటున 38 షాట్లు వేశాడు. ఇంకో కోచ్ అయితే అంత స్వేచ్ఛ ఇచ్చేవారు కాదేమో. ఆయన ఆడిన మూడేళ్లలో జట్టు కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంటు గడప తొక్కలేదు కూడా. కానీ లెక్క విప్పి చూడండి. 1,387 బాస్కెట్లు, ఒక్కోదానికి రెండే పాయింట్లు. ఒక్కో పాయింటు ఇచ్చే ఫ్రీ త్రోలు 893. దూరం నుంచి వేసిన బాస్కెట్‌కు మూడు పాయింట్లు ఇచ్చే గీత అప్పటికి లేదు. మొదటి ఏడాది విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు కనుక ఆడింది 83 ఆటలే. సగటు 44.2. డెట్రాయిట్ మెర్సీ ఆటగాడు ఆంట్వాన్ డేవిస్‌కూ తండ్రే కోచ్; మూడు పాయింట్ల గీత ఉంది, ఐదు సీజన్లు, 144 ఆటలు ఉన్నాయి. 2023లో ఆయన 3,664 దగ్గర ఆగాడు. తండ్రి ఉంటే చాలనేవాళ్లు ఆ మూడు పాయింట్ల తేడా సంగతి చెప్పాలి.

ఇక తేలిపోవడం. 1976-77లో ఎన్‌బీఏ మొత్తంలో అత్యధిక సగటు ఆయనదే, 31.1. ఆ ఫిబ్రవరి 25న న్యూయార్క్ నిక్స్ మీద 26 బాస్కెట్లు, 16 ఫ్రీ త్రోలతో 68 పాయింట్లు కొట్టాడు. ఐదుసార్లు ఆల్‌స్టార్, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికయ్యాడు. ఆయన జట్టు న్యూ ఆర్లియన్స్ జాజ్ ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం ఆడే చివరి దశ, చేరని మాట నిజమే. 1974లో పుట్టిన జట్టు అది; ఆ లోటంతా ఒక్కడి ఖాతాలో రాస్తే ఎలా?

స్వార్థం అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. 1978 జనవరిలో బఫెలో జట్టుతో ఆటలో గాలిలోకి ఎగిరి, కాళ్ల సందులోంచి సహచరుడికి పాస్ విసిరి, దిగుతూ మోకాలు పాడుచేసుకున్నాడు. ఆ కాలు మళ్లీ మునుపటిలా కాలేదు. ఆయన్ని పడగొట్టింది షాటు కాదు, పాసు.

ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత వచ్చింది 1979-80లో, ఆయన ఆఖరి సీజన్లో. కుంటి మోకాలితోనే దాని వెనక నుంచి 15 వేసి, 10 దించాడు.