పక్షపత్రిక వారపత్రికగా మారిన కథ

ఇండియా టుడే పత్రిక గురించి తెలుగులో ఒక వ్యాసం చదివాను. అది 1997లో పక్షపత్రిక నుంచి వారపత్రికగా మారడాన్ని ఆ వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చేసింది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

1975 డిసెంబరులో పత్రిక మొదలైనప్పుడు దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది, పత్రికల మీద సెన్సార్ ఉంది. విదేశాల్లో ఉన్న భారతీయులకు ఇక్కడి సంగతులు చెప్పాలన్నది మొదటి ఆలోచన. అచ్చువేసింది దాదాపు 5,000 కాపీలే! ఎమర్జెన్సీ ఎత్తేశాక, అంతకాలం ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆకలి జనంలో విపరీతంగా ఉండేది. రెండు వారాలకొకసారి వచ్చే పత్రికకు అదే కలిసొచ్చింది. రోజువారీ పేపరు ముక్కలుగా చెప్పినదాన్ని ఇది ఫొటోలతో, నేపథ్యంతో సహా ఒకచోట కూర్చి పెట్టేది. టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే అయిన రోజులవి మరి.

1995లో వినోద్ మెహతా సంపాదకుడిగా ఔట్‌లుక్ వారపత్రికగా వచ్చింది. అదే ఏడాది ఇండియా టుడే సంస్థే దూరదర్శన్‌లో ఆజ్ తక్ బులెటిన్ మొదలుపెట్టింది (సొంత పత్రికకు సొంత టీవీయే పోటీ అన్నమాట). ఇక పదిహేను రోజులు ఆగే ఓపిక పాఠకుడికి ఎక్కడుంటుంది? అయితే వారపత్రిక అయ్యాక వేగం పెరిగింది కానీ, ఆ పాత నిదానపు కథనాల పట్టు కొంత సడలిందనే నాకనిపిస్తుంది.

అన్నట్టు, 2015లో ఆగిపోయిన తెలుగు ఎడిషన్ ఊసే వ్యాసంలో లేదు. తెలుగు పాఠకుల కోసం రాసినప్పుడు దానికి ఒక పేరా అయినా ఇవ్వాల్సింది.