పాడుబడ్డ ఇంటికి కూడా ఐదు శాతం రిబేటు

మా పక్కింటికి తాళం పడి పదకొండేళ్లయింది. కోస్తాలో ఓ మాదిరి పట్టణం మాది, పేరెందుకులెండి, మీ ఊళ్లోనూ అలాంటి ఇల్లు వీధికొకటి ఉండే ఉంటుంది. మంగుళూరు పెంకులు సగం జారిపోయాయి, వాకిట్లో వయ్యారిభామ మొక్క నడుమెత్తు పెరిగింది, గేటుకి కట్టిన టులెట్ బోర్డు ఎండకి వెలిసిపోయి ఫోన్ నంబర్లో చివరి మూడు అంకెలే మిగిలాయి. గుమ్మం పక్క రేకు మీదున్న అసెస్‌మెంట్ నంబరు ఆన్‌లైన్‌లో కొట్టి చూస్తే మాత్రం ఇల్లు నిక్షేపంలా ఉంది. ఆస్తి పన్ను బకాయి సున్నా. ఏటా ఏప్రిల్లోనే ఎవరో కట్టేస్తున్నారు, ఎందుకంటే ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోగా కడితే 5 శాతం రిబేటు ఉంది కదా, రెండు రాష్ట్రాల్లోనూ.

నాకు మండింది ఆ రిబేటు దగ్గరే.

కిందటేడు సెప్టెంబర్లో మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 42 వేలకి పడిపోయి, నాలుగు రోజులు ఆసుపత్రిలో పొద్దున్నా సాయంత్రం ఆ కౌంటు కోసమే ఎదురుచూస్తూ గడిపాం. ఇంటికొచ్చిన మర్నాడు శానిటేషన్ వాళ్లు వచ్చారు. మా పూలకుండీల కింద పళ్లేలు ఒంపేశారు, ఫ్రిజ్ వెనకాల ట్రే చూశారు, వారానికోసారి నిల్వ నీళ్లన్నీ ఒంపేసే ఫ్రైడే డ్రైడే పాటించమని చెప్పి, ఫొటో తీసుకుని వెళ్లిపోబోతుంటే పక్కింటి సంగతేంటని అడిగాను. "తాళం వేసుంది కదండీ, మేం లోపలికెలా వెళ్తాం?" అన్నారు. వాళ్ల తప్పు కాదనుకోండి. తాళం తీసే అధికారం వాళ్లకి ఎవరిచ్చారు?

సాయంత్రం నేనే ప్రహరీ ఎక్కి ఫోన్ టార్చ్ వేసి చూశాను. సంపు మీద కప్పిన రేకు ఒక పక్కకి జరిగిపోయి ఉంది. లోపల నీళ్లు మురికిగా కూడా లేవు, చక్కగా తేటగా ఉన్నాయి, డెంగీ దోమకి కావలసింది అదేగా. వెలుగు పడగానే పైన తేలుతున్న సన్న పురుగులన్నీ ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోయాయి. ఆ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులు చాలు, రెండు మూడొందల మీటర్లకు మించి పెద్దగా ఎగరదు కూడా. అంటే మన ఇంట్లో డెంగీ వచ్చిందంటే దోమ పుట్టిల్లు మన వీధిలోనే ఎక్కడో ఉందన్నమాట. మనం ఎన్ని పళ్లేలు ఒంపుకుంటే ఏం లాభం?

ఇలాంటప్పుడు అందరూ ఓనర్ని తిడతారు. నేనూ తిట్టాను. కానీ నిదానంగా ఆలోచిస్తే ఆయన చేసేది లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది. ఇల్లు పాడైతే ఆయనకి పోయేదేం లేదు, అక్కడ విలువ గోడలకి కాదు, గజాలకి. స్థలం ధర ఏటా పెరుగుతూనే ఉంటుంది. బాగు చేయిస్తే ఖర్చు, అద్దెకిస్తే ఖాళీ చేయించడం తలనొప్పి, తాళం వేసి వదిలేస్తే ఏడాదికి కొన్ని వేల పన్ను, అందులోనూ తగ్గింపు. హైదరాబాద్‌లో అయితే ఇల్లు ఖాళీగా ఉందని చూపిస్తే వేకెన్సీ రెమిషన్ అని పన్నులో ఇంకొంత తగ్గించే సౌకర్యం కూడా ఉంది. దాని ఖరీదు కట్టేది మాత్రం మేం: ఆసుపత్రి బిల్లు, పాముల భయం, గోడకి చెమ్మ, రాత్రిళ్లు అక్కడ సీసాలు పగలగొట్టే కుర్రాళ్లు.

జపాన్‌లో ఇదే లెక్క దేశవ్యాప్తంగా తలకెక్కింది. అక్కడ స్థలం మీద ఇల్లంటూ ఉంటే భూమి పన్ను ఆరో వంతుకి తగ్గే వెసులుబాటు ఉంది, దాంతో కూలిపోయే ఇళ్లని కూడా జనం కూల్చకుండా అట్టే పెట్టుకున్నారు. 2023 సర్వేలో ఖాళీ ఇళ్లు దాదాపు 90 లక్షలు తేలాయి. అన్నీ పాడుబడ్డవి కావు గానీ, పక్కవాళ్లకి ప్రమాదంగా మారిన ఇంటికి ఆ రాయితీ తీసేసే వీలు మాత్రం 2015 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం కల్పించింది. మనం ఇక్కడ పాడుకొంపకీ, రోజూ ముగ్గేసుకునే ఇంటికీ ఒకే రిబేటు ఇస్తున్నాం.

సరే, ఓనర్ ఎవరో పట్టుకోవడం ఎలా? ఇది అనుకున్నంత కష్టం కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం తీస్తే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కనిపిస్తుంది. మా పక్కింటిది చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంది. వీధి చివర కిరాణా కొట్టు ఆయన్ని అడిగితే పెద్దకొడుకు టెక్సస్‌లో ఉంటాడని నంబరిచ్చాడు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు పాపం. "అన్నయ్యగారూ, నేను క్లీన్ చేయించానంటే ఇల్లు ఆక్రమించుకుంటున్నానని తమ్ముడు కేసేస్తాడండీ. పార్టిషన్ సూట్ నడుస్తోంది కదా." హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి చేస్తే, మాటలు వేరు గానీ, సారాంశం అదే. మరి పన్ను కడుతున్నదెవరు అంటే ఇద్దరూ! ఒక ఏడాది ఆయన, ఒక ఏడాది ఈయన, ఎవరు ముందు నిద్ర లేస్తే వాళ్లు. రేపు కోర్టులో చూపించుకోవడానికి రసీదు కావాలిగా.

తాళం వేసిన ప్రతి ఇంటి వెనకా ఇలాంటి కథే ఉండాలని లేదు గానీ, నేను చూసినవాటిలో చాలావాటికి కారణం నిర్లక్ష్యం కాదు, తేలని పంపకాలు. ముగ్గురిదీ అయిన ఇల్లు ఎవరిదీ కాకుండా పోతుంది. ఆడపిల్లలకి వాటా ఇచ్చాకే ఈ చిక్కులొచ్చాయని అనేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల్లో పెళ్లికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో ఆ హక్కు 1986 చట్టంతోనే వచ్చింది, 2005లో దేశంలో హిందూ కుటుంబాల ఆడపిల్లలందరికీ వచ్చింది. ఆ వాదన నేనొప్పుకోను. మా పక్కింటి అన్నదమ్ములిద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే, రాజమండ్రిలో ఉన్న వాళ్ల అక్కగారు ఒక్కరే "ముందు ఆ సంపు మూయించండి నాయనా, పసిపిల్లలున్న ఇల్లు" అన్నారు.

చట్టం లేదా అంటే ఉంది. నేర విచారణ చట్టమైన ఒకప్పటి సీఆర్‌పీసీలో 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152 అయింది. కూలిపోయేలా ఉన్న కట్టడం వల్ల చుట్టుపక్కలవాళ్లకీ, దారిన పోయేవాళ్లకీ ప్రమాదం ఉంటే, పబ్లిక్ న్యూసెన్స్, అంటే పదిమందికీ ఇబ్బంది ఉంటే, ఆర్డీవో ఓనర్‌కి నోటీసిచ్చి తీయించవచ్చు, వినకపోతే తనే తీయించి ఖర్చు రాబట్టవచ్చు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం జనం మురికికాలవల కంపు మీద ఈ సెక్షన్ కిందే వెళ్లారు. మా దగ్గర డబ్బుల్లేవని మునిసిపాలిటీ అంటే, ఆ సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చేశారు. అంత పదునైన సెక్షన్ అది. అయితే ఒక్క మీ ఇంటి గొడవగా రాసిస్తే సివిల్ కోర్టుకి వెళ్లమంటారు, కాబట్టి వీధిలో పది సంతకాలు పెట్టించి, ఫొటోలు జత చేసి, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. తెలంగాణలో అయితే అదే ప్రజావాణి. వాట్సాప్‌లో కౌన్సిలర్‌కి ఫొటో పంపి రెండు బ్లూ టిక్కులు చూసుకుని కూర్చుంటే పని కాదు, ఇది అనుభవంతో చెబుతున్నా.

జరిమానాల మీద నాకు నమ్మకం లేదు. పబ్లిక్ న్యూసెన్స్‌కి వేరే శిక్ష చెప్పని చోట 1860 నాటి శిక్షాస్మృతి ఐపీసీలో జరిమానా 200 రూపాయల దాకా, ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేం కాదు. దాని బదులు వచ్చిన కొత్త న్యాయ సంహితలో వెయ్యి దాకా పెంచారు. టెక్సస్‌లో ఉన్నాయనకి వెయ్యి రూపాయలంటే ఒక పూట పిజ్జా.

నేను అడిగేది చిన్నది. మునిసిపాలిటీ నోటీసిచ్చి, పదిహేను రోజులు చూసి, ఎవరూ కదలకపోతే తనే మనుషుల్ని పెట్టి సంపు మూయించి, తుప్పలు కొట్టించి, ఆ బిల్లు అదే అసెస్‌మెంట్ నంబర్లో బకాయిగా ఎక్కించాలి. శుభ్రంగా ఉంచని ఇంటికి ఏప్రిల్ రిబేటు ఆపాలి. పన్ను బకాయి ఆస్తిని వదలదు, పంపకాలు తేలి అమ్మకానికి పెట్టిన రోజు కొనేవాడు ముందు అడిగేది బకాయిల్లేవనే నో డ్యూస్ కాగితమే. అప్పుడు అన్నదమ్ముల్లో ఎవరు క్లీన్ చేయించారన్న పేచీ కూడా రాదు, చేయించింది మునిసిపాలిటీ కాబట్టి. బీదవాళ్ల మీద పడుతుందంటారా, నిజమే, ఒంటరి ముసలమ్మ కూతురింటికి వెళ్లి తాళం వేసిన ఇల్లు కూడా ఉంటుంది. అక్కడ బిల్లు ఎక్కించి వసూలు మాత్రం అమ్మకం దాకా వాయిదా వేస్తే సరిపోతుంది.

మీరే గోడ దూకి శుభ్రం చేసేద్దామనుకుంటే ఒక్క మాట. మంచితనంతో చేసినా కబ్జా అనే అనుమానం వస్తుంది, పన్నెండేళ్లు అనుభవిస్తే స్థలం వాళ్లదైపోతుందన్న భయం మన జనానికి బాగా ఉంది. మన వైపు వాలిన కొమ్మలు మన హద్దు దాకా కొట్టుకోవచ్చు గానీ, చెట్టు నరకాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. అందుకే నేను ఆ ముగ్గురితో ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టి, 'తాళం మార్చను, సామాను ముట్టుకోను, సంపు మూసి తుప్పలు కొట్టిస్తాను, అంతే' అని రాశాను. ముగ్గురూ ఓకే అనడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఇద్దరు కూలీలు, ఒక సిమెంటు పలక, మొత్తం 4,600 అయింది. అక్కగారు తన వాటా ఫోన్‌పే చేశారు. తమ్ముళ్లవి రావలసి ఉంది.

పనంతా అయ్యాక, మా రెండిళ్ల మధ్య గోడలో మొలిచిన రావి మొక్క మిగిలింది. చేతి మందాన ఉంది కాండం. కొట్టమంటే కూలీలిద్దరూ కత్తులు కింద పెట్టేశారు. "రావిచెట్టు మీద కత్తి పెట్టమండీ" అన్నాడు పెద్దాయన, కొబ్బరికాయ కొట్టి, వేళ్లతో సహా తీసి గుడి దగ్గర నాటితే దోషం ఉండదని కూడా చెప్పాడు, కానీ వేళ్లు తీయాలంటే గోడ పడగొట్టాలి. గ్రూపులో అడిగితే టెక్సస్ నుంచి దండం ఎమోజీ వచ్చింది. జూన్‌లో ఆ మొక్క వల్ల గోడకొచ్చిన పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. నిన్న చూస్తే గీత దాటి బెత్తెడు కిందికి వచ్చింది, మా వంటింటి వైపు.