మళ్ళీ దొరికాడు

జానపద బాణీలో సొంతంగా పాటలు కట్టి పాడే గాయకుడొకాయన ఈమధ్య తనని తాను కనుక్కున్నాడు. సంతోషం. పోయిన ఆల్బమ్‌లోనూ కనుక్కున్నాడు కదా, మళ్ళీ ఎప్పుడు తప్పిపోయాడని మాత్రం అడక్కండి. రెండు ఆల్బమ్‌ల మధ్య తప్పిపోవడం ఆ వృత్తిలో డ్యూటీ.

దానికో పద్ధతుంది. ముందు ప్రేమ చెడాలి. తర్వాత అడవిలో ఓ చెక్క ఇల్లు దొరకాలి. 2006 చలికాలంలో జస్టిన్ వెర్నన్ అనే అమెరికన్ గాయకుడు విస్కాన్సిన్ రాష్ట్రపు అడవిలో తన తండ్రి వేటకి వాడుకునే ఇంట్లోకి వెళ్ళి, ఆల్బమ్‌తో బయటికొచ్చాడు. మంచి ఆల్బమే, దాన్నేమీ అనను. కానీ అప్పట్నుంచి ఒంటరితనం కోసం అడవిలో క్యూ కట్టాల్సి వస్తోంది.

ఇక గిటార్‌కి రెండో మెట్టు మీద కాపో, అంటే తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు, బిగించాలి. ఆత్మ సాధారణంగా అక్కడే ఉంటుంది. మొదటి పాటలో నది, మూడో పాటలో రైలు. బాంజో మోగిందంటే కష్టాలు గట్టెక్కుతున్నట్టు. ఆఖరి పాటలో తెల్లవారి తీరాలి, కొత్త జీవితం మొదలయ్యేది పొద్దున్నే కాబట్టి. ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినబడాలి. అది నిజాయితీ. నాలుగు టేకులు తీసుకుంటే గానీ కుదరదు.

స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. అందుకని తప్పిపోవడం ఆలోపే అయిపోవాలి. దొరకడానికి తొందరేం లేదు.

ఇంతకీ ఈ వెతుకులాటలోకి జానపదాన్ని ఎందుకు లాగారో! ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ పోగుచేసిన ఇంగ్లండు, స్కాట్లండుల పాత కథాగేయాలు 305, 1882-1898 మధ్య అచ్చయ్యాయి. వాటిలో అన్నదమ్ములు పొడుచుకుంటారు, ఓడలు మునుగుతాయి, చచ్చినవాళ్ళు అమ్మని చూడటానికి తిరిగొస్తారు. తీరిగ్గా తనని తాను వెతుక్కునే మనిషి నాకైతే తగల్లేదు. అసలు వెతకాల్సింది ఆ పాటలు కట్టినవాళ్ళని. ఎక్కువ పాటలకి కర్తెవరో ఎవరికీ తెలీదు. పాటని జనం మీద వదిలేసి, పేరైనా చెప్పకుండా పోయారు. ఆ బాణీనే పట్టుకొచ్చి మనవాడు పది పాటల్లో 'నేను, నేను' అంటున్నాడు. ఆల్బమ్ కవరు మీద మాత్రం వీపే కనిపిస్తుంది. వినయం!

అన్నట్టు ఆరో పాట నాలుగుసార్లు విన్నాను. మాటల్లేవు, గిటార్ ఒక్కటే. అందులో ఎవరూ దొరకలేదు.