గది కంటే ముందు గిరాకీ

తొలకరి ఉరుముల తర్వాత పుట్టల మీద లేచే పుట్టకొక్కుల కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జనం ఎంతగా ఎదురుచూస్తారో, తెల్లవారుజామున ఏరి తెచ్చి రోడ్డు పక్కన ఆకుల్లో పోసి అమ్మేవాళ్ల చుట్టూ ఎలా మూగుతారో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ గిరాకీని కళ్లారా చూసినవారిలో కొందరు, ఇంటి వెనక ఖాళీ గది ఉంటే చాలు, ఏడాది పొడవునా ఇదే వ్యాపారం చేయవచ్చని అనుకుంటున్నారు. ఆ ఆలోచన తప్పు కాదు గాని, మొదలుపెట్టే చోటు తప్పు. పుట్టకొక్కు చెదపురుగులతో కలిసి బతికే జాతి కాబట్టి దాన్ని గదిలో పండించలేము. గదిలో పండేవి వేరే జాతుల పుట్టగొడుగులు, వాటి రుచీ కొనేవాళ్లూ వేరు. అందుకే గది కట్టడానికి ముందు కొనేవాళ్లను లెక్కించుకోవాలన్నది నా వాదన.

మన వాతావరణానికి రెండు రకాలు సరిపోతాయి. చిప్ప పుట్టగొడుగులకు సుమారు 20 నుంచి 28 డిగ్రీల వేడి, 80 నుంచి 90 శాతం గాలితేమ కావాలి కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అవి హాయిగా వస్తాయి. వేసవిలో 30 నుంచి 35 డిగ్రీలను తట్టుకునేవి పాల పుట్టగొడుగులు. హోటళ్లు ఎక్కువగా అడిగే బటన్ రకానికి కాపు దశలో 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం, ప్రత్యేకంగా మగ్గబెట్టిన కంపోస్టు అవసరం. ఏసీ గదుల మీద అప్పు తెచ్చి ఆ రకానికి దిగవద్దని కొత్తవారికి గట్టిగా చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. తీరప్రాంతంలో కరెంటు మీదే బతికే పంటను ఎంచుకునేవారు ఆ రోజులను ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఇసుక పరిచిన నేల, తాటాకు కప్పు, గోడలకు వేలాడే తడి గోనెపట్టాలు, ఈగలు రాకుండా కిటికీలకు సన్నని వల ఉన్న గది చిన్న రైతుకు చాలు.

ముడిసరుకు విషయంలో ఈ రెండు జిల్లాలకు కొరత లేదు. ఖరీఫ్ వరి కోతలయ్యాక ఇంటింటా గడ్డివాములు లేస్తాయి. అయితే వానకు తడిసి నల్లబడ్డ గడ్డి పనికిరాదు, బంగారు రంగులో పొడిగా ఉన్నదే కావాలి. దాన్ని రెండంగుళాల ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి, నీడలో ఆరబెడతారు. పంట భవిష్యత్తు చాలావరకు ఈ ఆరబెట్టడంలోనే తేలిపోతుంది. గుప్పెడు గడ్డి తీసి గట్టిగా పిండినప్పుడు చుక్క నీరు కారకూడదు, కాని అరచేయి చెమ్మగా ఉండాలి. నీరు కారితే బెడ్డు (గడ్డి, విత్తనం నింపిన కవరు) అడుగున కుళ్లు పడుతుంది, చెమ్మ తగలకపోతే విత్తనం (గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు) అల్లుకోదు. కవర్లలో పొరలు పొరలుగా గడ్డి, అంచుల వెంట విత్తనం వేసి చీకటి గదిలో ఉంచితే పదిహేను, ఇరవై రోజుల్లో గడ్డి అంతా తెల్లటి దారాలు అల్లుకుపోతాయి. ఆ తర్వాత వెలుతురు, గాలి, తేమ ఇస్తే గుండుసూది తలల్లాంటి మొగ్గలు గుత్తులుగా కనిపిస్తాయి. చిప్ప అంచులు పైకి తిరగకముందే కోయాలి. ఒక్క పూట ఆలస్యమైనా అంచులు చీలి, బరువు తగ్గి, సరుకు చూపు పోతుంది. పాల రకానికి అదనంగా శుద్ధి చేసిన మట్టి పొర కూడా వేయాలి.

విత్తనం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. రెండేళ్ల క్రితం మే నెలలో దూరం నుంచి తెప్పించిన విత్తనం ఎండలో బస్సు పైన ప్రయాణించి మా ఊరు చేరింది. సంచి వెచ్చగా ఉన్నా, తయారైన తేదీ దాని మీద లేకపోయినా, గడ్డి ఉడకబెట్టేశామన్న తొందరలో అరవై బెడ్లు నింపేశాను. పదో రోజుకు నలభైకి పైగా బెడ్లలో పచ్చబూజు లేచింది. పంపినవారు ఫోను ఎత్తలేదు. తేదీ చూడకుండా కొన్న తప్పు నాదే అయినా, తేదీ వేయకుండా అమ్మే వ్యాపారాన్ని అడిగే నాథుడు లేకపోవడం ఇంకా బాధపెడుతుంది.

ఇక లాభం సంగతి. లెక్క కోసం ధరలు ఇలా అనుకుందాం. రోజుకు నాలుగు కొత్త బెడ్లు, ఒక్కో దానిలో కిలో ఎండుగడ్డి. కిలో గడ్డికి మూడు కోతల్లో కలిపి 700 గ్రాములు వస్తే, పంట గాడిన పడ్డాక రోజుకు 2.8 కిలోలు కోతకు వస్తుంది. పాడయ్యేవి, మిగిలేవి తీసేస్తే అమ్ముడయ్యేది 2.4 కిలోలు. విత్తనం, గడ్డి, కవర్లు, వంటచెరకు, పెట్రోలు కలిపి రోజు ఖర్చు 200 రూపాయలు. ఇళ్లకు నేరుగా కిలో 200కు అమ్మితే చేతిలో 280 మిగులుతుంది. అదే సరుకును దుకాణదారుకు 130కి వేస్తే మిగిలేది 112. గది అదే, కష్టం అదే, మారినది అమ్మిన చోటు మాత్రమే. గదిని రెట్టింపు చేస్తే పంట రెట్టింపవుతుంది, కొనే ఇళ్లు మాత్రం రెట్టింపు కావు. మిగిలిపోయిన సరుకు దుకాణం ధరకు దిగుతుంది. చిప్ప పుట్టగొడుగు కోసిన మర్నాటికే వాడిపోతుంది కాబట్టి బేరమాడే సమయమూ రైతు చేతిలో ఉండదు. పాల రకం మూడు, నాలుగు రోజులు ఆగుతుంది, అది చిన్న రైతుకు కొంత ఊపిరి.

కొనేవాళ్లను లెక్కించడమంటే అలవాట్లను లెక్కించడం కూడా. ఆదివారం మన ఇళ్లలో కోడికూరదే పైచేయి. కార్తీకంలో మాంసం మానేస్తారు కనుక అప్పుడు గిరాకీ పెరుగుతుందని ఆశపడతాం గాని, పుట్టగొడుగును కూడా నీచుగానే భావించే ఇళ్లు మన వీధుల్లో తక్కువేమీ లేవు. రాజాం, బొబ్బిలి, నరసన్నపేట వంటి పట్టణాల్లో ఒక్క వీధిలో ఇరవై ఇళ్లను పలకరించి, వారానికి రెండు వందల గ్రాముల ప్యాకెట్లు ఎన్ని తీసుకుంటారో రాసుకున్నాకే బెడ్ల సంఖ్య తేల్చుకోవాలి. విశాఖ మార్కెట్ పెద్దదే అయినా, రోజుకు రెండు కిలోల సరుకు కోసం అంత దూరం వెళితే దారి ఖర్చే లాభాన్ని తినేస్తుంది. డ్వాక్రా సంఘంలోని పదిమంది మహిళలు కలిసి సరుకు పంపితేనే ఆ ప్రయాణానికి అర్థం ఉంటుంది.

బెడ్లు మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం అంటూ ముందుగా డబ్బు కట్టించుకునేవారి విషయంలో జాగ్రత్త అవసరం. కొనే ధర, కొనే కాలపరిమితి, కొనకపోతే పరిహారం రాతపూర్వకంగా లేని ఒప్పందం మీద మహిళల పొదుపు సొమ్ము పెట్టకూడదు.

శిక్షణ ఇవ్వగల సంస్థలు మనకు దూరంగా లేవు. ఆమదాలవలసలోనూ, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన రస్తాకుంటుబాయిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల పెంపకంతో పాటు అమ్మకం లెక్క కూడా నేర్పాలి. తయారైన తేదీ వేసిన విత్తనం, ముందుగా చెప్పుకుంటే ఫలానా వారం అందుతుందన్న భరోసా ఉంటే, నాలాగా నలభై బెడ్లు పారేసుకునేవారు తగ్గుతారు. రైతు బజార్లలో వారానికి రెండు పూటలైనా పుట్టగొడుగుల సంఘాలకు చోటు కేటాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఈ ఏడాది మొదలుపెట్టాలనుకునేవారు నవంబరులో ఇరవై చిప్ప బెడ్లతో దిగవచ్చు. బెడ్ల గదిలో పనిచేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పుట్టగొడుగుల నుంచి సన్నని పొడిలా రాలే సిద్ధబీజాలు కొందరికి దగ్గు, ఆయాసం తెప్పిస్తాయి. కోతలు అయిపోయిన గడ్డిని మగ్గబెట్టి కొబ్బరి మొదళ్లకు వేసుకోవచ్చు. ఫిబ్రవరికల్లా రెండు విడతల లెక్క పుస్తకంలో ఉంటుంది, అందులో ప్రతి ప్యాకెట్టూ ఏ ఇంటికి వెళ్లిందో రాసి ఉంటే, పాల రకానికి గదిని పెంచాలో వద్దో ఆ పుస్తకాన్ని చూసే నిర్ణయించుకోవచ్చు.